న్యూట్రినోకి లోతు అక్కర్లేదు, మనకే కావాలి

అమలాపురం చుట్టుపక్కల డిగ్రీ పిల్లలకి ఫిజిక్సు చెప్పేవాళ్లకి ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. "ఓఎన్‌జీసీ వాళ్లు మన కొబ్బరితోటల పక్కనే కిలోమీటర్ల లోతుకి బోర్లు దించుతున్నారు కదండీ, ఆ న్యూట్రినో లాబ్ ఏదో ఇక్కడే పెట్టొచ్చుగా?" తెలివైన ప్రశ్నే. కాకపోతే దాని వెనక ఒక అపోహ ఉంది, అది పిల్లలకే కాదు, పేపర్లలో సైన్సు వార్తలు రాసేవాళ్లకీ ఉంది. భూమి లోపలికి వెళ్లేకొద్దీ న్యూట్రినోలు ఎక్కువ దొరుకుతాయని.

దొరకవు. న్యూట్రినో అంటే దాదాపు దేన్నీ తాకకుండా దూసుకుపోయే అతి చిన్న కణం. రెండు కిలోమీటర్ల లోతు గనిలో ఎన్ని ఉంటాయో మీ పెరట్లో తులసికోట దగ్గరా అన్నే ఉంటాయి. సూర్యుడి నడిమధ్యన, కోటిన్నర డిగ్రీల వేడిలో, నాలుగు ప్రోటాన్లు దశలవారీగా కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతాయి. అలా అయిన ప్రతిసారీ రెండు న్యూట్రినోలు బయటపడతాయి. ఆ కలయికలో పుట్టిన శక్తి వెలుగుగా సూర్యుడి ఉపరితలానికి చేరడానికి లక్ష ఏళ్ల స్థాయి కాలం పడుతుంది, దారిలో దానికి అన్ని ఢీలు. న్యూట్రినో మాత్రం రెండు సెకన్లలో సూర్యుణ్ణి దాటేసి, ఎనిమిది నిమిషాల పైచిలుకులో మన దగ్గరికి వస్తుంది. బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకి దాదాపు 6,500 కోట్లు. మధ్యాహ్నం మాడు మీంచి దిగుతాయి. అర్ధరాత్రి అయితే పసిఫిక్ మహాసముద్రం వైపు భూమిలోకి దూరి, భూగోళమంతా దాటుకుని, మన మంచం కిందనుంచి పైకి వస్తాయి. రాత్రయిందని లెక్క తగ్గదు.

ఇన్నేసి కోట్లు వస్తుంటే పట్టుకోవడం ఎందుకు కష్టం అంటే, అవి దేన్నీ పట్టించుకోవు గనక. వాటికి విద్యుదావేశం లేదు, కేంద్రకాన్ని కట్టి ఉంచే బలమైన బలంతో సంబంధం లేదు. ఇటలీలోని బోరెక్సినో ప్రయోగం కొలిచినదాన్నిబట్టి, వంద టన్నుల ద్రవంలో రోజుకి సుమారు రెండొందల సౌర న్యూట్రినోలు ఎలక్ట్రాన్లని తాకుతాయి. ఆ లెక్కన డెబ్భై కిలోల మనిషి ఒంట్లో వారానికి ఒకటి. ఒకే ఒక్కటి. మిగతావన్నీ మనం లేనట్టే వెళ్లిపోతాయి. "జీవితకాలంలో ఒక్కసారి" అని చాలాచోట్ల రాస్తుంటారు. వేసి చూస్తే లెక్క అంతకంటే చాలా ఎక్కువే తేలుతుంది.

వారానికి ఒకటి తగిలితే చాలదా, పట్టేయొచ్చుగా? ఇక్కడే అసలు చిక్కు. అదే ఒంట్లో పొటాషియం-40, కార్బన్-14 అనే సహజ రేడియోధార్మిక పరమాణువులు సెకనుకి వేలల్లో విచ్ఛిన్నమవుతుంటాయి. పైనుంచి, అంతరిక్షంలోంచి వచ్చే కాస్మిక్ కిరణాల పుణ్యమా అని, మ్యుయాన్లు అనే విద్యుదావేశం ఉన్న కణాలు చదరపు సెంటీమీటరుకి నిమిషానికి ఒకటి చొప్పున కురుస్తుంటాయి. తీర్థంలో మైకు పక్కన నిలబడి బల్లి చప్పుడు వినబోయినట్టే. బల్లి పలుకుతూనే ఉంది, మైకు ఆపాలి. భూగర్భ ప్రయోగశాల అంటే ఆ మైకు ఆపే ఏర్పాటు. మ్యుయాన్లు రాతిలో శక్తి కోల్పోయి ఆగిపోతాయి, న్యూట్రినోకి రాయి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద 1,400 మీటర్ల రాయి మ్యుయాన్లని పది లక్షల్లో ఒక వంతుకి తగ్గించేస్తుంది. కెనడాలో సడ్‌బరీ దగ్గర నికెల్ గనిలో, రెండు కిలోమీటర్ల కింద, అపార్ట్‌మెంటంత పరికరంలోంచి రోజుకి డెబ్భై దాకా మాత్రమే దూసుకుపోయేవి.

ఇప్పుడు మన డెల్టా సంగతి. గోదావరి కొన్ని లక్షల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు ఇది. అడుగున కృష్ణా గోదావరి బేసిన్ అవక్షేపాలు కిలోమీటర్ల మందాన ఉన్నాయి. మూడు నాలుగు బారలు తవ్వితే నీళ్లు ఊరే నేల. గ్యాసు కోసం దించే బోరు జానెడు, మూరెడు వెడల్పు ఉంటుంది, దానికి ఇనుప కేసింగు దించి సిమెంటు పోస్తారు. న్యూట్రినో లాబ్‌కి కావలసింది కన్నం కాదు, పది అంతస్తుల మేడ పట్టే గుహ. దాన్ని తొలిచాక పైకప్పు కూలకూడదు, నీరు కారకూడదు, గ్యాసు తన్నకూడదు. 1995లో పాశర్లపూడిలో గ్యాసు బావి తన్ని మండిన బ్లోఅవుట్ చూసినవాళ్లకి చివరి మాట విప్పి చెప్పనక్కర్లేదు. పైగా మన కోస్తా ఇసుకలో నల్లచారలుగా కనిపించే ఖనిజాల్లో మోనజైట్ ఉంటుంది, మోనజైట్‌లో థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉంటుంది. న్యూట్రినో వేటగాళ్లకి మ్యుయాన్ తర్వాత పెద్ద శత్రువు థోరియమే. ఎందుకో కాసేపట్లో చెబుతాను. కాబట్టి కోనసీమలో లాబ్ కుదరదు. గట్టిరాయి ఉన్న పాత గనో, పక్కనుంచి సొరంగం పొడవగలిగే కొండో ఉండాలి.

గని అనగానే మొదట చెప్పాల్సింది రేమండ్ డేవిస్ గురించి. ఆయన రసాయన శాస్త్రవేత్త, న్యూట్రినోలని చూడబోలేదు, ఏరాడు. అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రంలో హోమ్‌స్టేక్ బంగారు గని ఉంది. 1960ల్లో అక్కడ దాదాపు 1,480 మీటర్ల లోతున ఒక ట్యాంకు కట్టించి, అందులో 615 టన్నుల పెర్‌క్లోరోఎథిలీన్ పోయించాడు. డ్రైక్లీనింగ్ షాపుల్లో బట్టలు ఉతికే ద్రవమే అది. అందులో క్లోరిన్ ఉంటుంది. సూర్యుడి న్యూట్రినో ఒకటి క్లోరిన్-37 కేంద్రకాన్ని తాకితే అది ఆర్గాన్-37గా మారుతుంది. ఈ ఉపాయం 1946లోనే బ్రూనో పొంటెకోర్వో సూచించాడు. ఆర్గాన్ జడవాయువు, దేనితోనూ కలవదు, కనక రెండు నెలలకోసారి ట్యాంకులోకి హీలియం బుడగలు పంపితే ఆర్గాన్ వాటితో కొట్టుకొస్తుంది. దాన్ని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచిన బొగ్గులో పట్టి, చిటికెన వేలి కొసంత కౌంటరులోకి ఎక్కించి, విచ్ఛిన్నమయ్యే పరమాణువుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. ఆర్గాన్-37 అర్ధాయువు 35 రోజులు, అంటే అన్నాళ్లలో సగం విచ్ఛిన్నమైపోతాయి.

సంఖ్య వింటే నమ్మబుద్ధి కాదు. అంత ట్యాంకులో రెండు రోజులకి ఒక్క ఆర్గాన్ పరమాణువు పుట్టేది. 615 టన్నుల్లో ఒక్క పరమాణువు! ఇంత లోతు ఎందుకో ఇక్కడ ఇంకా బాగా అర్థమవుతుంది. మ్యుయాన్లు రాతిలోనో ద్రవంలోనో కేంద్రకాల్ని బద్దలుకొడితే ప్రోటాన్లు ఎగురుతాయి, ఆ ప్రోటాన్ క్లోరిన్-37ని తాకినా అదే ఆర్గాన్-37 పుడుతుంది. అది న్యూట్రినో చేసిన పరమాణువా, మ్యుయాన్ చేసిందా అని దాని ముఖం చూసి చెప్పలేం. నేలమీద పెట్టిన ట్యాంకులో నకిలీలే నిండిపోయి ఉండేవి.

1968లో మొదటి ఫలితం వచ్చింది. జాన్ బాకాల్ అనే సిద్ధాంతకర్త సూర్యుడి నమూనా కట్టి ఎన్ని రావాలో లెక్కేశాడు. వచ్చింది అందులో మూడోవంతుకు అటూ ఇటూ. లోకం సహజంగానే ముందు డేవిస్‌ని అనుమానించింది: అంత ద్రవంలోంచి పది ఇరవై పరమాణువులు ఏరడం ఏమిటి, సగం ట్యాంకులోనే ఉండిపోయి ఉంటాయి! ఆయన కోపగించుకోలేదు. తెలిసిన లెక్కలో కొన్ని వందల ఆర్గాన్ పరమాణువుల్ని తానే ట్యాంకులో వేసి, మళ్లీ ఏరి చూపించాడు. దాదాపు అన్నీ తిరిగొచ్చాయి. తర్వాత అనుమానం బాకాల్ మీదికి మళ్లింది. క్లోరిన్ ఎక్కువగా పట్టేది బోరాన్-8 అనే అరుదైన దశలో పుట్టే న్యూట్రినోల్ని. వాటి సంఖ్య సూర్యకేంద్రపు ఉష్ణోగ్రత మీద ఇరవై అయిదో ఘాతం స్థాయిలో ఆధారపడుతుంది. ఉష్ణోగ్రత నూటికి నాలుగైదు పాళ్లు తప్పితే చాలు, లెక్క మూడోవంతుకి పడిపోతుంది. అయితే 1990ల్లో సూర్యుడి ప్రకంపనల్ని కొలిచినవాళ్లు, లోపల శబ్దవేగం బాకాల్ నమూనా చెప్పినట్టే ఉందని, తేడా ఒక శాతం కూడా లేదని తేల్చారు. ఇద్దరి లెక్కా సరైనదే, ఫలితాలు మాత్రం కలవవు. ఇలా ఒక ముప్ఫై ఏళ్లు నడిచింది. హోమ్‌స్టేక్ ట్యాంకు 1994 దాకా పనిచేసి మొత్తం రెండు వేల దాకా న్యూట్రినోల్ని పట్టింది.

ఈ మధ్యలో జపాన్ వాళ్లు వేరే పద్ధతి పట్టారు. కమియోక గనిలో, కిలోమీటరు కింద, నీళ్ల ట్యాంకు. న్యూట్రినో ఎలక్ట్రాన్‌ని తంతే అది నీటిలో కాంతికి ఉండే వేగాన్ని మించి పరుగెత్తి నీలిరంగు చెరెన్‌కోవ్ వెలుగు చిమ్ముతుంది, గోడలమీద కాంతిని పసిగట్టే గొట్టాలు దాన్ని చూస్తాయి. దీంతో ఒరిగిన పెద్ద లాభం దిక్కు. క్లోరిన్‌కి న్యూట్రినో ఎటునుంచి వచ్చిందో తెలియదు; నీటికి తెలుస్తుంది. మసతోషి కొషిబా బృందం అవి నిజంగా సూర్యుడి వైపునుంచే వస్తున్నాయని చూపించింది. 1996లో మొదలైన యాభై వేల టన్నుల సూపర్ కమియోకాండె అయితే న్యూట్రినోలతోనే సూర్యుడి బొమ్మ గీసింది. సగం పరిశీలన రాత్రిపూట, పాదాల కింద ఉన్న సూర్యుడిదే. అక్కడ కూడా మ్యుయాన్లు సెకనుకి రెండు, సౌర న్యూట్రినోలు రోజుకి పదిహేను. మిగతాదంతా ఏరివేతే. ఇటలీ, రష్యాల్లో గాలియంతో చేసిన ప్రయోగాలు తక్కువ శక్తి న్యూట్రినోల్నీ పట్టాయి. అక్కడా లోటే కనిపించింది.

ముడి విడింది సడ్‌బరీలో, అదీ భారజలంతో. భారజలం అనగానే గోదావరి వాళ్లం కాస్త సర్దుకుని కూర్చోవాలి. భద్రాచలానికి ఎగువన అశ్వాపురం దగ్గర మణుగూరు భారజల కర్మాగారం గోదావరి నీళ్లనే తోడి, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో మార్పిడి చేయించి, అందులోని డ్యుటీరియాన్ని పోగుచేస్తుంది. అది మన అణు రియాక్టర్లకి. సహజమైన నీటిలో ఆరున్నర వేల హైడ్రోజన్ పరమాణువులకి ఒక్కటి డ్యుటీరియం, అంటే హైడ్రోజనే గానీ కేంద్రకంలో ప్రోటాన్‌తోపాటు ఒక న్యూట్రాన్ కూడా ఉంటుంది. టన్ను గోదావరి నీళ్లలో డ్యుటీరియం అంతా పిండితే వచ్చే భారజలం 170 గ్రాములకు అటూ ఇటూ. సడ్‌బరీ వాళ్లు వాడింది వెయ్యి టన్నులు. చుక్క వదలకుండా పిండినా దానికి అరవై లక్షల టన్నుల నీళ్లు, టీఎంసీలో ఐదోవంతు కావాలి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసే పది లక్షల క్యూసెక్కుల వరదలో అది మూడున్నర నిమిషాల ప్రవాహం. మనకి ఎంత సులువుగా సముద్రంలో కలిసిపోతుందో, పిండి తీయడం అంత ఖరీదు. అందుకే కెనడా ప్రభుత్వ అణుశక్తి సంస్థ దగ్గర అరువు తెచ్చుకుని, పని అయ్యాక తిరిగి అప్పజెప్పారు.

ఇంత ఖర్చు దేనికంటే, న్యూట్రినోల్లో మూడు రకాలున్నాయి గనక: ఎలక్ట్రాన్ రకం, మ్యుయాన్ రకం, టౌ రకం. సూర్యుడు చేసేది ఎలక్ట్రాన్ రకమే. డేవిస్ క్లోరిన్ చూడగలిగేదీ దాన్నొక్కదాన్నే. అవి దారిలో రకం మార్చుకుంటే? అప్పుడు డేవిస్‌కి మూడోవంతే కనిపిస్తుంది, బాకాల్ మొత్తం కూడా సరైనదే అవుతుంది. ఈ అనుమానం పొంటెకోర్వోకి ఎప్పుడో వచ్చింది, రుజువు చేయాలంటే మూడు రకాల్నీ కలిపి లెక్కపెట్టే పదార్థం కావాలి. హెర్బర్ట్ చెన్ అనే భౌతికశాస్త్రవేత్త 1980ల్లో భారజలం ఆ పని చేస్తుందని గుర్తించాడు, ఫలితం చూడకుండానే 1987లో పోయాడు. డ్యుటీరియంతో న్యూట్రినో రెండు రకాలుగా తలపడగలదు. ఎలక్ట్రాన్ రకం అయితే న్యూట్రాన్‌ని ప్రోటాన్‌గా మార్చి ఎలక్ట్రాన్‌ని తరుముతుంది. ఏ రకమైనా సరే, డ్యుటీరియాన్ని రెండుగా చీల్చి న్యూట్రాన్‌ని విడిపించగలదు. మొదటిది ఎలక్ట్రాన్ రకం లెక్క, రెండోది మొత్తం లెక్క. ఒకే ట్యాంకులో రెండూ.

థోరియం గొడవ ఇక్కడ వస్తుంది. డ్యుటీరియాన్ని చీల్చడానికి 2.2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. థోరియం, యురేనియం వంశంలో పుట్టే కొన్ని గామా కిరణాలకి ఆ శక్తి ఉంది. అవి కూడా న్యూట్రాన్‌ని విడిపిస్తాయి, అది న్యూట్రినో పనే అని మనం మోసపోతాం. అందుకే ఆ భారజలంలో పది కోట్ల కోట్ల పాళ్లకి థోరియం మూడు నాలుగు పాళ్లకి మించకూడదని నియమం పెట్టుకున్నారు. గని నడుస్తూనే ఉంది, చుట్టూ రాతి దుమ్ము, ఆ దుమ్ములో థోరియం. లాబ్‌లోకి అడుగుపెట్టే ప్రతి మనిషీ గని బట్టలు విప్పి, తలారా స్నానం చేసి, శుభ్రమైన బట్టలు కట్టుకుని వెళ్లాలి. రోజూ, అందరూ. మడి అంటే అదీ! పన్నెండు మీటర్ల యాక్రిలిక్ గోళం, చుట్టూ మామూలు నీళ్లే గానీ అతిశుద్ధంగా ఏడు వేల టన్నులు. 2001లో ఆ గోళంలోని భారజలంలో రెండు టన్నుల ఉప్పు కలిపారు, ఉప్పులోని క్లోరిన్ న్యూట్రాన్లని ఇంకా బాగా పట్టి, ఎక్కువ వెలుగు ఇస్తుందని.

2002లో తేలిన లెక్క: చదరపు సెంటీమీటరుకి సెకనుకి ఎలక్ట్రాన్ రకం బోరాన్ న్యూట్రినోలు 17.6 లక్షలు, మూడు రకాలూ కలిపి 50.9 లక్షలు. బాకాల్ నమూనా చెప్పింది 50.5 లక్షలు. డేవిస్ కొలతా నిజం, బాకాల్ సూర్యుడూ నిజం, మారింది న్యూట్రినో. రకం మారాలంటే ద్రవ్యరాశి ఉండి తీరాలి. అప్పటిదాకా కణభౌతికశాస్త్రపు ప్రామాణిక నమూనాలో దానికి సున్నా రాసుకున్నారు. అదే ఏడాది డేవిస్‌కి, కొషిబాకి నోబెల్ వచ్చింది. సడ్‌బరీని నడిపించిన ఆర్థర్ మెక్‌డొనాల్డ్, సూపర్ కమియోకాండెలో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల మార్పు చూపిన తకాకి కజిత 2015 దాకా ఆగాల్సి వచ్చింది. బాకాల్‌కి రాలేదు. నా దృష్టిలో అది అన్యాయమే.

ఏరివేత పనికి పరాకాష్ఠ చూడాలంటే మళ్లీ బోరెక్సినో దగ్గరికి వెళ్లాలి. సూర్యుడి శక్తిలో ఒక శాతం కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్‌ల చక్రంలో పుడుతుంది. ఆ న్యూట్రినోల గుర్తు, ద్రవంలో ఉండే బిస్మత్-210 గుర్తు దాదాపు ఒకేలా ఉంటాయి. బిస్మత్ ఎంతుందో తెలిస్తే తీసివేయొచ్చు. అది పొలోనియం-210గా మారుతుంది కాబట్టి పొలోనియాన్ని లెక్కపెడితే చాలు. తీరా చూస్తే, ద్రవంలో నెమ్మదిగా తిరిగే ప్రవాహాలు ఆ ద్రవాన్ని పట్టి ఉంచే నైలాన్ సంచి గోడకి అంటుకున్న పాత పొలోనియాన్ని మోసుకొచ్చి లెక్క పాడుచేస్తున్నాయి. ఆ ప్రవాహాలకి కారణం, గుహలో రుతువుల వెంట మారే కొద్దిపాటి వేడి తేడా. దాంతో ట్యాంకు మొత్తానికి ఖనిజ ఉన్ని దుప్పటి చుట్టి, పైభాగాన వేడి అదుపు చేసే గొట్టాలు బిగించి, ద్రవం కదలకుండా ఏళ్లు ఆగారు. 2020లో ఫలితం వచ్చింది. ఎక్కడి సూర్యుడు, ఎక్కడి దుప్పటి!

మన దేశం ఈ కథలో లేకపోలేదు. చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే కోలారు బంగారు గనులు. 1960ల మొదట్లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు మ్యుయాన్లు ఎంత లోతుదాకా వస్తాయో కొలుస్తూ దిగి, గని అడుగున రెండు నెలలు ఆగినా ఒక్కటీ కనపడక తెల్లబోయారు. మామూలుగా అది విఫలమైన ప్రయోగం. ఆ నిశ్శబ్దం చూసే, ఇక్కడ న్యూట్రినోలు వినపడతాయన్న ధైర్యం వచ్చింది. 1965లో కాస్మిక్ కిరణాల వల్ల వాతావరణంలో పుట్టే న్యూట్రినోల్ని ప్రపంచంలో మొదటగా పట్టినవాళ్లలో వాళ్లున్నారు. గనులు 2001లో మూతపడ్డాయి. తర్వాత తమిళనాడులో థేని జిల్లా పొట్టిపురం కొండ కింద కొత్త ప్రయోగశాలకి కేంద్రం 2015లో ఆమోదం ఇచ్చింది. అదీ సౌర న్యూట్రినోలకి కాదు, వాతావరణ న్యూట్రినోలకి. స్థానికులు వద్దన్నారు, తమిళనాడు ప్రభుత్వమూ వద్దంది. కొండ పేల్చితే, పక్కన అడవి ఉంటే అడగాల్సిన ప్రశ్నలు కొన్ని నిజంగానే ఉన్నాయి, వాటికి ఓపిగ్గా జవాబివ్వాల్సింది. "న్యూట్రినోలు ఊళ్లని కాల్చేస్తాయి" అన్న ప్రచారం మాత్రం వేరు. అవి ఊళ్లోకి కొత్తగా వచ్చేవి కావు, సూర్యుడున్నప్పటినుంచీ ఉన్నవే.

ఇప్పుడు వ్యవహారం తలకిందులవుతోంది. గ్రాన్ సాసోలోనూ, చైనాలోని జిన్‌పింగ్ కొండ కిందా టన్నులకొద్దీ ద్రవ జెనాన్ నింపుకుని కొందరు కృష్ణపదార్థం (డార్క్ మ్యాటర్, విశ్వంలో కంటికి కనపడని పదార్థం) కోసం కాపు కాస్తున్నారు. వాళ్లూ రాయి అడ్డం పెట్టుకున్నారు, రేడాన్ అనే రేడియోధార్మిక వాయువుని తీసేశారు, మ్యుయాన్లని వడగట్టారు. 2024లో రెండు చోట్లా జెనాన్ కేంద్రకాలు సన్నగా కదిలిన జాడ కనిపించింది, లెక్కేస్తే అది సూర్యుడి బోరాన్-8 న్యూట్రినోల పనికి సరిపోయింది. వాళ్లకి న్యూట్రినోయే ఇప్పుడు తీసేయాల్సిన చప్పుడు. దాన్ని ఆపగల కొండ ఎక్కడా లేదు.